కెమెరాకి సాక్ష్యం నేర్పకండి

కోయిలకుంట్లలో కానీ, నంద్యాలలో కానీ, కడపలో కానీ కోర్టు వరండాలో కాసేపు నిలబడితే చెవిన పడే మాట ఒకటుంది: "సాక్షి అడ్డం తిరిగినాడు." పట్టపగలు, పదిమంది మధ్య జరిగినదాన్ని కళ్ళారా చూసినవాడే బోనెక్కి "నేనేం సూడలేదు సార్" అంటాడు. అతన్ని తిట్టుకుని లాభం లేదు. కేసు ముగిశాక అతను బతకాల్సింది అదే ఊళ్ళో, అదే వీధిలో, అదే మనుషుల మధ్య. భయం ఉంటుంది, బంధుత్వం ఉంటుంది, పెద్దమనుషులు కుదిర్చిన రాజీ ఉంటుంది. ఫ్యాక్షన్‌కి పేరుమోసిన సీమలో ఈ మాట బరువు ఎంతో విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే సీసీ కెమెరా వచ్చినప్పుడు మనవాళ్ళకి అది అడ్డం తిరగని సాక్షిలాగా కనపడింది. దానికి బామ్మర్ది లేడు, గట్టు తగాదా లేదు, రాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్ళు లేరు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం తెచ్చి, ఒకేసారి వంద మందో రోజుకి ఐదు వందల మందో వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టాల్సిందే అంది. రికార్డయినదాన్ని 30 రోజులు దాచిపెట్టాలంది. ఆ లెక్కలోకి రాని చిన్న కిరాణా కొట్టు కూడా ఇవాళ గోడకో కెమెరా తగిలించుకుంది. ఈ నమ్మకం వెనక ఉన్న బాధ నిజమైనది. కెమెరాలంటేనే మండిపడే నగరపు మేధావి దీన్ని ముందు అర్థం చేసుకోవాలి.

అయితే ఈ సాక్షికి చూపు సరిగా ఆనదు. ఎంత ఆనదో ఒక లెక్క వేసి చూద్దాం. అడ్డంగా 1920 పిక్సెళ్ళున్న మామూలు కెమెరా 30 మీటర్ల వెడల్పున్న కూడలిని చూస్తోందనుకోండి. మీటరుకి 64 పిక్సెళ్ళు. మనిషి మొహం వెడల్పు 16 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ మొహం మొత్తానికి దక్కేది పది పిక్సెళ్ళు. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ముక్కూమొహం తెలియని మనిషిని బొమ్మలో గుర్తుపట్టాలంటే మీటరుకి 250 పిక్సెళ్ళు కావాలి. ఇక్కడ ఉన్నది అందులో నాలుగో వంతు. పైగా వీడియోని కుదించి దాచే పద్ధతి బొమ్మని పదహారు పదహారు పిక్సెళ్ళ గళ్ళుగా చూస్తుంది. అంటే మన మనిషి మొహం మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది! ఇక రాత్రిపూట వెలుతురు చాలక షట్టరు సెకనులో 25వ వంతు తెరుచుకుని ఉంటే, గంటకి 36 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఆ కాస్తలో 40 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మొహం తన వెడల్పుకి రెండింతల కన్నా ఎక్కువ దూరం అలుక్కుపోతుంది.

సరిగ్గా ఇక్కడే కంప్యూటర్ విజన్ వాళ్ళు చెయ్యి ఎత్తుతారు. వంకరపోయిన బొమ్మని మేం సరిచేస్తాం, మసకబారినదాన్ని తేటపరుస్తాం, దర్యాప్తుకి పనికొచ్చేలా చేసి ఇస్తాం అంటారు. "సరిచేయడం" అనే ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు దాక్కున్నాయి. ఒకటి ఉన్నదాన్ని చక్కబెట్టడం. రెండోది లేనిదాన్ని కల్పించడం. మొదటిదాన్ని నేను రెండు చేతులా ఆహ్వానిస్తాను. రెండోది పోలీస్ స్టేషన్ గడప తొక్కకూడదు. దాన్ని మొదటిదాని పేరుతో, మొదటిదాని పరువుతో అమ్ముతున్నారన్నదే నా గొడవ.

మొదటి పని సంగతి చూద్దాం. కొట్లో మూలన, పైకప్పుకి దగ్గరగా పెట్టే కెమెరాలకి వెడల్పైన లెన్సు ఉంటుంది. గది మొత్తం పట్టాలి కదా. దానివల్ల గుమ్మం స్తంభాలు విల్లులా వంగుతాయి, అంచున నిలబడ్డ మనిషి సాగిపోయి వేరే ఆకారంలో కనపడతాడు. కానీ ఈ వంకరకి ఒక లెక్క ఉంది. లెన్సు ఏ కిరణాన్ని ఎంత పక్కకి నెట్టిందో కనుక్కోగలిగితే, దాన్ని అంతే వెనక్కి నెట్టొచ్చు. నలుపూ తెలుపూ గళ్ళున్న పలకని కెమెరా ముందు నాలుగైదు కోణాల్లో పట్టుకుని ఈ లెక్క తీసే సులువైన పద్ధతిని జాంగ్ జెంగ్‌యూ 2000లో ప్రచురించాడు. ఇవాళ ఓపెన్‌సీవీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంజనీరింగ్ పిల్లలు కూడా చేసేది అదే. మన దగ్గరైతే ఇంకో సదుపాయం ఉంది. కోయిలకుంట్ల, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతం నాపరాతికి పుట్టిల్లు. రాళ్ళని సమాన చదరాలుగా కోసి పరిచిన నేల అంటే కెమెరా కింద ఎప్పుడూ పరిచి ఉండే గళ్ళ పలకే. ఆ గీతలు తిన్నగా ఉండాలని మనకి ముందే తెలుసు. కాబట్టి అవి తిన్నగా వచ్చేదాకా బొమ్మని సరిచేయొచ్చు. ఆ రాతి కొలత తెలిస్తే నడిచే మనిషి అడుగు దూరం అంచనా కట్టొచ్చు. గుమ్మం ఎత్తు తెలిస్తే, ఒకే ఒక్క బొమ్మలోంచి మనిషి ఎత్తు లెక్కగట్టే గణితం కూడా ఇరవై ఏళ్ళకి పైగా ఉంది. "ఇంత ఎత్తు, ఇంత అటూ ఇటూ" అని తన పొరపాటు హద్దుని కూడా అదే చెబుతుంది.

2007లో జరిగిన ఒక సంగతి దీనికి మంచి ఉదాహరణ. పిల్లలపై లైంగిక దాడుల ఫోటోల్లో ఒకడు తన మొహాన్ని సుడిలా తిప్పి ఇంటర్నెట్టులో పెట్టేవాడు. ఎవరికీ దొరకనని వాడి ధీమా. జర్మన్ పోలీసులు ఆ సుడిని వెనక్కి తిప్పారు. మొహం బయటపడింది. ఇంటర్‌పోల్ ఆ ఫోటోని లోకమంతటికీ చూపించిన కొద్ది రోజులకే థాయిలాండ్‌లో వాడు దొరికాడు. అది సాధ్యమైంది ఎందుకంటే, తిప్పినప్పుడు పిక్సెళ్ళు చోటు మారాయి తప్ప చచ్చిపోలేదు. మొహం అక్కడే ఉంది, కలగాపులగమై ఉంది. కాబట్టి తీయగలిగారు.

రెండో పని దీనికి పూర్తిగా వేరు. పది పిక్సెళ్ళ మొహాన్ని వంద పిక్సెళ్ళ మొహంగా మార్చమంటే, మిగతా పిక్సెళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? కెమెరాలోకి అవి ఎప్పుడూ రాలేదు. రానిదాన్ని వెనక్కి తేవడం అంటూ ఉండదు. అప్పుడు యంత్రం ఏం చేస్తుందంటే, తాను నేర్చుకున్న లక్షల మొహాల్లోంచి ఈ మసకకి సరిపోయే ఒక మొహాన్ని అల్లి ఇస్తుంది. ఆ మసకకి సరిపోయే మొహాలు ఒకటి కాదు, వేలున్నాయి. అందులో ఒకదాన్ని ఎంచి, కనురెప్పల వెంట్రుకలతో సహా దిద్ది మన చేతిలో పెడుతుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పల్స్ అనే ఇలాంటి సాధనాన్ని బయటపెట్టారు. జనం సరదాకి ఒబామా ఫోటోని మసక చేసి దానికిచ్చారు. ఎవరో ఒక తెల్లవాడి మొహం వచ్చింది. చిన్నపిల్లాడికైనా ఆ మసకలో ఒబామా కనపడుతున్నాడు. యంత్రానికి మాత్రం తాను ఎక్కువగా చూసిన మొహమే కనపడింది.

నాపరాతి పని తెలిసినవాళ్ళకి ఈ తేడా ఒక్క మాటలో చెప్పొచ్చు. రాయిని పాలిష్ పడితే రాయిలో ఉన్న చారే తేలుతుంది. దానిమీద రంగేస్తే మనకి నచ్చిన చార వస్తుంది. రెండూ నునుపుగానే మెరుస్తాయి. దూరం నుంచి చూసేవాడికి తేడా తెలీదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిజాయితీ ఉన్న సాక్షి "చీకట్లో మొహం తెలీలేదు సార్, మనిషి పొడుగు మాత్రం ఉన్నాడు" అంటాడు. ఆ "తెలీదు" చాలా విలువైన సాక్ష్యం. ఈ యంత్రాలకి ఆ మాట రాదు. ఏది ఇచ్చినా ఒక మొహం ఇస్తాయి. బండి నెంబరు ప్లేటు మీద మూడో ఎనిమిదో తెలియని చోట స్పష్టమైన మూడో, స్పష్టమైన ఎనిమిదో రాసేస్తాయి. ప్లేటు మీద ఉండేది అంకె అని దానికి నేర్పాం కాబట్టి, అక్కడ మరక ఉన్నా అంకెగానే చదువుతుంది. సాక్షిని పక్కకి పిలిచి, "బోనులో తడుముకోవద్దు, ఫలానావాడే అని గట్టిగా చెప్పు" అని నూరిపోసే వకీలు మనకి తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్ చేసేది అదే పని. అడ్డం తిరగని సాక్షి కావాలని కెమెరాని తెచ్చుకుని, ఇప్పుడు దానికి కూడా సాక్ష్యం నేర్పుతున్నాం!

ఇది అమెరికాలో కోర్టు దాకా వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ముగ్గురి హత్య కేసులో, ఫోన్‌తో తీసిన వీడియోని కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌తో తేటపరిచి ముద్దాయి తరఫువాళ్ళు సాక్ష్యంగా పెట్టబోయారు. 2024 మార్చిలో జడ్జి దాన్ని తోసిపుచ్చారు. జరిగినదాన్ని కాకుండా యంత్రం తనకి తోచినదాన్ని చూపిస్తోందని, ఆ పద్ధతిని ఫోరెన్సిక్ నిపుణుల సమాజం ఒప్పుకోలేదని కారణం చెప్పారు. ఇందులో గమనించాల్సింది, దాన్ని తెచ్చింది పోలీసులు కారు. ఈ సాధనం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. ఇవాళ ముద్దాయిని ఇరికించేది రేపు అసలు దోషిని తప్పించొచ్చు. ఫ్యాక్షన్ కేసుల్లో డబ్బూ పలుకుబడీ ఏ వైపు ఉంటాయో తెలిసినవాళ్ళు దీని గురించి రెండుసార్లు ఆలోచించాలి.

మన చట్టం దీన్ని ఆపుతుందా? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. మంచి నియమమే. కానీ హాష్ విలువ చెప్పేది, ధ్రువపత్రం ఇచ్చాక ఆ ఫైలు మారలేదని మాత్రమే. ఆ ఫైల్లో ఉన్న మొహం ఎవరిదో, అది కెమెరాకి చిక్కిందో యంత్రం అల్లిందో దానికి పట్టదు. కల్పించిన మొహానికి కూడా నిక్షేపంలాంటి హాష్ విలువ వస్తుంది.

దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: "అబ్బే, దీన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టం. దర్యాప్తులో ఒక ఆధారం దొరకడానికి వాడుకుంటాం, అంతే." ఈ "అంతే" అనే మాటకి నేను భయపడతాను. మన దేశంలో మనిషికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం కోర్టు మెట్లెక్కక ముందే జరిగిపోతుంది. 2023 జనవరిలో మెదక్‌లో ఒక గొలుసు దొంగతనం కేసు. సీసీ ఫుటేజీలో కనిపించిన మనిషి పోలికలున్నాయన్న అనుమానంతో పోలీసులు ఒక దినకూలీని పట్టుకెళ్ళారు. తర్వాత వదిలేశారు. స్టేషన్లో తనని కొట్టారని ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పిన వీడియో బయటికొచ్చింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ కుటుంబానికి 63వ సెక్షనుతో పని పడలేదు, ధ్రువపత్రంతో పని పడలేదు. బొమ్మ కోర్టుకి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు.

అక్కడ కృత్రిమ మేధ ఏదో బొమ్మని మార్చిందని నేను అనడం లేదు. మసక బొమ్మా, మనిషి కన్నూ చాలాయి. నా ప్రశ్న ఏమిటంటే, మసక బొమ్మే ఇంత పని చేస్తే, మసకని పూర్తిగా తుడిచేసి చర్మపు రంధ్రాలతో సహా మెరిసే మొహాన్ని ఎస్సై బల్ల మీద పెడితే ఏమవుతుంది? మసకలో కనీసం అనుమానానికి చోటు ఉంటుంది. "వీడో కాదో" అన్న ఆ తటపటాయింపే చాలామంది పేదవాళ్ళకి ఉన్న ఒకే ఒక్క రక్షణ. దాన్ని కూడా తీసేస్తామంటున్నారు.

ఇది మన పోలీసుల ఒక్కరి జబ్బు అనుకోవడానికి లేదు. డెట్రాయిట్‌లో ఒక గడియారాల దుకాణం దొంగతనం కేసులో, మసక సీసీ బొమ్మని కంప్యూటర్ ఒక నల్లజాతి వ్యక్తి పాత డ్రైవింగ్ లైసెన్సు ఫోటోతో జతచేసింది. 2020 జనవరిలో అతని పెళ్ళాంబిడ్డల ముందే బేడీలు వేశారు. ఆ దొంగతనానికీ అతనికీ సంబంధమే లేదు. నాలుగేళ్ళు పోరాడాక, 2024లో నగరం పరిహారం ఇచ్చింది. కంప్యూటర్ చెప్పిందన్న ఒక్క కారణంతో ఎవర్నీ అరెస్టు చేయకూడదని పోలీసులు రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. మెదక్‌కీ డెట్రాయిట్‌కీ ఉన్న పోలిక యాదృచ్ఛికం కాదు. రెండు చోట్లా బొమ్మ మసకది, మనిషి పేదవాడో మైనారిటీయో.

యంత్రం అల్లే మొహం ఎవరి మొహాల్లోంచి వస్తుందన్నది ఇంకో ప్రశ్న. ఇంటర్నెట్టు ఫోటోలతో నేర్పితే ఒబామా తెల్లవాడవుతాడు. పోలీసుల దగ్గరున్న ఫోటోలతో నేర్పితే, ప్రతి మసకలోనూ ఇంతకుముందే స్టేషన్ రికార్డుకెక్కినవాడు కనపడతాడు. ఆ రికార్డుల్లో ఎవరుంటారో మన చరిత్రకి తెలుసు. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకని బట్టే మనిషిని దొంగల జాబితాలో రాసింది. మన దగ్గర ఎరుకల వాళ్ళ లాంటి ఎన్నో జాతులు ఆ ముద్ర మోశాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ముద్ర మాత్రం స్టేషన్ పుస్తకాల్లోంచి అంత త్వరగా పోలేదు. 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ళ కొలతల్నీ ఫోటోల్నీ 75 ఏళ్ళ పాటు దాచుకోనిస్తుంది. ఈ నిల్వ మీద, ఊహించే యంత్రాన్ని కూర్చోబెడితే, పాత అనుమానమే కొత్త మొహంతో బయటికొస్తుంది.

మొహాన్ని ఊహించడం గురించి కోయిలకుంట్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1846లో ఇక్కడి ఖజానా మీద దాడి చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరి తీశారు. ఆయన తలని 1877 దాకా, ముప్పై ఏళ్ళు, కోట గోడకి వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్ళు ఊరంతా చూసిన మొహం అది. అయినా ఆ మొహం ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలీదు. కోయిలకుంట్లలో అప్పటికి కెమెరా లేదు. విగ్రహాల్లోనూ బ్యానర్లలోనూ ఉన్నది శిల్పీ చిత్రకారుడూ ఊహించిన మొహం. 2019లో సినిమా వచ్చాక చాలామంది మనసులో ఆ స్థానం చిరంజీవి తీసుకున్నాడు. ఇందులో తప్పేం లేదు. భక్తికి, కథకి, కళకి ఊహించిన మొహం చాలు. ఖాళీని ఊహతో నింపడమే సాహిత్యం పని కూడా. కాబట్టి సాహిత్యం చదివేవాళ్ళం మనమే ఈ మాట గట్టిగా అనాలి: కల్పన విలువ తెలిసినవాడు దాన్ని ఎఫ్ఐఆర్‌లోకి రానివ్వడు.

"అయితే దొంగల్నీ హంతకుల్నీ వదిలేయమంటావా?" అని అడుగుతారు. గొలుసు పోగొట్టుకున్న ఆడమనిషికి, కొడుకుని పోగొట్టుకున్న తండ్రికి ఈ ప్రశ్న అడిగే హక్కుంది. వాళ్ళకి నా జవాబు: కల్పిత మొహం వల్ల తప్పు మనిషి లోపలికి పోతాడు, అసలువాడు బయటే ఉంటాడు. మీకు అందాల్సిన న్యాయం అక్కడే ఆగిపోతుంది. నిజంగా దొంగని పట్టించేవి ఇంతకన్నా చాలా చప్పటి పనులు. లెన్సు మీద దుమ్ము తుడవడం. రికార్డరు గడియారాన్ని సరిగ్గా పెట్టడం, ఎందుకంటే అది ఇరవై నిమిషాలు తప్పితే ఊళ్ళో లేనివాడు ఉన్నట్టు అవుతుంది. పాతది చెరిగిపోకముందే అసలు ఫైలుని కాపీ చేసుకోవడం, తెర మీద ఆడుతున్న వీడియోని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపుకోకపోవడం. కూడలి మొత్తం కనపడే ఒక్క కెమెరా బదులు, మనిషి మొహం ఎత్తులో, మీటరుకి 250 పిక్సెళ్ళు వచ్చేలా ఇంకొకటి పెట్టడం. ఒకే బండి కనిపించిన పది ఫ్రేములని ఒకదానిమీద ఒకటి పేర్చి చప్పుడు తగ్గించి చదవడం. ఇవేవీ సినిమాలో "జూమ్ చెయ్" అన్నంత రంజుగా ఉండవు. కానీ పని చేస్తాయి.

కాబట్టి నేను అడిగేది ఇది. సరిచేసిన ప్రతి బొమ్మ పక్కన అసలు బొమ్మ ఉండాలి, జడ్జి చూసేది ముందు అసలుదాన్నే కావాలి. ఏ మెట్టులో ఏం చేశారో రాసి ఉండాలి, అవే మెట్లు ఇంకో నిపుణుడు చేస్తే అదే బొమ్మ రావాలి. అసలు ఫైలు ముద్దాయి వకీలుకి కూడా ఇవ్వాలి. కొత్త పిక్సెళ్ళు పుట్టించే సాధనాలు కోర్టులోనే కాదు, దర్యాప్తులో కూడా వాడకూడదు. అనుమానితుల జాబితా తయారీకి, టీవీ చానెళ్ళకి, వాంటెడ్ పోస్టరుకి దేనికీ వద్దు. బొమ్మలో మొహం తెలియకపోతే ల్యాబు రిపోర్టులో "తెలియదు" అని రాయాలి, అలా రాసినందుకు ఏ అధికారీ చివాట్లు పెట్టకూడదు.

చివరగా, చూపు మెరుగుపరచాలన్న ఉత్సాహం నిజంగా ఉంటే మొదలుపెట్టాల్సిన చోటు ఒకటుంది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్లో, లాకప్పులో, వరండాలో రాత్రి కూడా కనపడేలా, మాట కూడా వినపడేలా కెమెరాలు పెట్టాలంది. రికార్డుని పద్దెనిమిది నెలలు దాచాలంది. అయిదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో కెమెరాలు పని చేయడం లేదన్న వార్తల మీద అదే కోర్టు మళ్ళీ తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది. వీధిలో మసకబారిన మొహానికి మెరుగులు దిద్దేందుకు ఉన్న తొందర, లాకప్పు గదిలో ఆగిపోయిన కెమెరాని బాగుచేసేందుకు లేదు. అక్కడ బొమ్మని సరిచేసే గణితంతో పనే లేదు. స్విచ్చి వేస్తే చాలు.